అమ్మమ్మ పేజీకి ఏ ఇంటిపేరు?

పోయిన నెల ఈ శీర్షికలో వికీట్రీ గురించి రాసినప్పటి నుంచి ఉత్తరాలు, మెయిల్స్ వస్తూనే ఉన్నాయి. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. 2008లో మొదలైన ఈ సైట్ ఉచితం. ఇక్కడ ఎవరి చెట్టు వాళ్లది కాదు, లోకమంతటికీ ఒకటే వంశవృక్షం, ఒక మనిషికి ఒకటే పేజీ. సభ్యులుగా చేరి అక్కడి హానర్ కోడ్ అనే నియమావళికి ఒప్పుకున్నవాళ్లు పాతకాలం వాళ్ల పేజీలు దిద్దొచ్చు. అంటే మీ ముత్తాత పేజీని మీరు ఎన్నడూ చూడని ఆయన చెల్లెలి మునిమనవడు కూడా దిద్దొచ్చన్నమాట. ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నీ పేరు దగ్గరే ఆగాయి కాబట్టి వాటికే జవాబులు రాస్తున్నాను.

తెనాలి నుంచి ఒక పాఠకురాలు: మా అమ్మమ్మ పేజీ మొదలుపెట్టాను. 'పుట్టినప్పటి ఇంటిపేరు' అని ఒక గడి ఉంది. మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అమ్మమ్మకి తాతయ్యగారి ఇంటిపేరే, అందుకని అదే రాసేశాను. తమ్ముడు తప్పంటున్నాడు. పుట్టింటివారి ఇంటిపేరు మాలో ఎవరికీ తెలియదు. ఏం చేయమంటారు?

మీ తమ్ముడు చెప్పిందే కరెక్టమ్మా. ఆ గడిలో పుట్టింటి ఇంటిపేరే ఉండాలి. తాతయ్యగారి ఇంటిపేరుకి 'ప్రస్తుత ఇంటిపేరు' అని వేరే గడి ఉంది, అక్కడ రాయండి. ఇదేదో చిన్న సవరణ అనుకోకండి, ఆ సైట్‌లో పేజీ గుర్తింపు తయారయ్యేదే పుట్టినప్పటి ఇంటిపేరుతో, దాని పక్కన ఒక నంబరు చేరుతుంది, మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా ఇదే పద్ధతి.

నాకు ఆ సైట్‌లో అన్నిటికంటే నచ్చింది ఇదే. మా పెద్దనాన్నగారు రాయించిన వంశవృక్షం ఒకటి మా ఇంట్లో ఫ్రేము కట్టి ఉంది. ఏడు తరాలు. అందులో ఒక్క ఆడమనిషి పేరు లేదు. ఆ ఏడు తరాల వాళ్లనీ కని పెంచిన తల్లులు ఏ ఊరి నుంచి వచ్చారో, ఎవరి ఆడపడుచులో ఆ కాగితం చెప్పదు. మీరు ఈరోజు ఆ గడిలో తాతయ్యగారి ఇంటిపేరు రాసి వదిలేస్తే మీ అమ్మమ్మ విషయంలో కూడా అదే జరుగుతుంది, ఆవిడ అన్నదమ్ముల పిల్లలు ఎప్పుడైనా తమ మేనత్త కోసం వెతికితే దొరకదు.

ఎవరికీ తెలియదు అన్నారు కదా, మనుషుల్ని అడిగే ముందు అటక మీద వెతకండి. మా మేనత్తగారింట్లో ఒక ఇత్తడి గంగాళం ఉండేది, నల్లగా మసిబారి, అడుగున చిన్న సొట్టతో. చింతపండు పెట్టి తోమితే అంచు కింద చుక్కలు చుక్కలుగా ఉలితో కొట్టిన అక్షరాలు బయటపడ్డాయి. ముందు ఇంటిపేరు మొదటి అక్షరం, తర్వాత పూర్తి పేరు, దాని కింద సంవత్సరం. ఆ అక్షరం మెట్టినింటిది కాదు. సారెలో ఇచ్చిన సామాను కదా, పుట్టింటివాళ్లే కొట్టించారు. ఆ ఒక్క అక్షరం పట్టుకుని, ఆవిడ పుట్టిన ఊళ్లో ఇద్దరు పెద్దవాళ్లని అడిగితే ఇంటిపేరు మొత్తం వచ్చేసింది. మీ అమ్మమ్మ బిందెలు, పళ్లేలు ఎవరి వాటాకి వెళ్లాయో కనుక్కోండి, స్టీలువైనా సరే, ఇత్తడివైనా సరే. అక్షరాలు కనబడేలా ఫోటో తీసి పేజీలో పెట్టండి. ఎక్కడి నుంచి తెలిసిందో ఆధారం చూపించమనేది ఆ సైట్ గట్టిగా పట్టుకునే నియమం, ఆ ఫోటో మీకు ఆధారం.

ఇంకో దారి, పుష్కరాల చీటీ. 2015లో గోదావరికో, 2016లో కృష్ణకో వెళ్లి పిండాలు పెట్టినవాళ్లు మీ ఇళ్లల్లో ఉంటే, పేర్లు రాసుకెళ్లిన కాగితం ఏ డైరీలోనో మడిచి ఉంటుంది. అందులో తండ్రి వైపువాళ్లే కాదు, తల్లి వైపువాళ్ల పేర్లు, గోత్రం కూడా ఉంటాయి. అమ్మమ్మకి పసుపు కుంకుమల కింద పొలం రాసిచ్చి ఉంటే ఆ దస్తావేజులో ఇచ్చిన తండ్రి పేరు ఇంటిపేరుతో సహా ఉంటుంది.

అన్నీ వెతికినా దొరక్కపోతే ఆ గడిలో అన్‌నోన్ అని ఇంగ్లిష్‌లో రాసి ఉంచండి. తర్వాత తెలిశాక పేజీ మేనేజర్ హోదాలో, అంటే ఆ పేజీ బాధ్యత చూసేవాళ్లుగా, మీరే మార్చొచ్చు. అప్పుడు పేజీకి కొత్త గుర్తింపు వస్తుంది, పాత లింకు నొక్కినా కొత్తదానికే తీసుకెళ్తుంది, రాసిందేమీ పోదు.

హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు: మా ఇంటిపేరు కొత్తపల్లి. నాన్నగారు ఇంగ్లిష్‌లో రెండు టీలు వేసి రాసేవారు. నేను టీ హెచ్ వేస్తాను. అమెరికాలో ఉన్న మా అన్నయ్య పాస్‌పోర్ట్‌లో ఇంకోలా పడింది. మూడు పేజీల్లో మూడు స్పెల్లింగులుంటే మేం ఒకే ఇంటివాళ్లమని ఎలా తెలుస్తుంది? పైగా ఇంటిపేరు చివర్న కనబడుతోంది, మనకి ముందు కదా?

ఒకే ఇంటివాళ్లని చెప్పేది స్పెల్లింగ్ కాదండీ, తండ్రి పేజీకీ కొడుకు పేజీకీ మధ్య ఉన్న లింకు. కాబట్టి నాన్నగారి స్పెల్లింగ్‌ని మీలాగా దిద్దకండి. ఆ మనిషి బతికుండగా తన పేరు ఎలా రాసుకున్నారో అలాగే ఉంచాలనేది అక్కడి పద్ధతి, మనకూ అదే మర్యాద. సర్వీస్ రిజిస్టర్లో, పెన్షన్ కాగితాల్లో ఉన్న స్పెల్లింగ్ చూసి రాయండి. మిగతా రకాలన్నీ 'ఇతర ఇంటిపేర్లు' గడిలో కామాలు పెట్టి చేర్చండి. ఏ స్పెల్లింగ్‌తో వెతికినా దొరకాలంటే ఇదే మార్గం.

తెలుగు లిపిలో పేరు మాత్రం తప్పకుండా రాయండి. జీవిత వివరాల మొదటి వాక్యంలోనే, ఇంటిపేరు ముందు పెట్టి, ఇంట్లో ఎలా పిలుస్తారో అలా. ఇంగ్లిష్‌లో టీ హెచ్ చూసి అది 'త'నో 'థ'నో రేపు అట్లాంటాలో పుట్టిన మనవరాలికి ఎలా తెలుస్తుంది? సైట్ పైన చూపించే వరస మనం మార్చలేం, వివరాల్లో రాసేది మన చేతిలో ఉంది.

గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ టీచరుగారు: మా తాతగారి పేజీని ఎవరో ఇంకో పేజీతో కలపాలని ప్రతిపాదించారు. పేరు, ఇంటిపేరు, ఊరు అన్నీ ఒకటే. కానీ అది మా తాతగారి తాతగారి పేజీ అని నా అనుమానం. కంగారుగా ఉంది.

మాస్టారూ, టెన్షన్ పడకండి, కానీ ఆలస్యం కూడా చేయకండి. పేజీ మేనేజర్లు 30 రోజులు పలక్కపోతే ఒప్పుకున్నట్టే తీసుకుని కలిపేయొచ్చు. ఒకసారి కలిపితే విడదీసే బటన్ లేదు, ఒక్కో వివరం, ఒక్కో లింకు చేత్తో మళ్లీ పెట్టుకోవాలి. వెంటనే 'ఇద్దరూ వేరు' అని ప్రతిపాదనని తిరస్కరించి, కారణం రాయండి.

తాత పేరు మనవడికి పెట్టుకునే మన అలవాటు బయటివాళ్లకే కాదు, మనకీ పొరపాటు తెస్తుంది. నేనే మా అమ్మగారి వైపు ఇద్దరు సుబ్బయ్యల్ని ఒకరనుకుని కలిపేశాను. భార్యలిద్దరూ ఒకే మనిషి కింద చేరారు, మనవడి పిల్లలు తాతకి కొడుకులైపోయారు. సరిచేయడానికి నెల పైనే పట్టింది, ఆ నెలంతా నాకు మనశ్శాంతి లేదు. అప్పటి నుంచి ఒకే పేరున్న ప్రతి పేజీలో మొదటి లైన్లోనే 'ఈయన ఫలానా సుబ్బయ్య మనవడు, ఆయన పేజీ వేరు' అని లింకుతో రాస్తున్నాను. భార్య పేరు చూడండి మాస్టారూ, మన ఇళ్లల్లో ఇద్దరు సుబ్బయ్యల్ని విడదీసేది చాలాసార్లు ఆవిడ పుట్టింటి ఇంటిపేరే.

కర్నూలు నుంచి: మా పిల్లల పేర్లు, పుట్టినరోజులు కూడా ఎక్కించొచ్చా?

బతికున్నవాళ్లలో సభ్యులు కానివాళ్ల పేజీలు బయటకి కనబడకుండా అన్‌లిస్టెడ్‌గా ఉండాలని అక్కడ నియమం. అయినా తోడికోడలి పిల్లల వివరాలు ఎక్కించే ముందు ఆవిడని ఒక మాట అడగండి. పోయినవాళ్లతో మొదలుపెట్టండి, అక్కడే బోలెడంత పని ఉంది.

విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు: దక్షిణాఫ్రికా డర్బన్‌లో ఉన్న నా మిత్రుడు తెలుగువాడే, కానీ తెలుగు చదవలేడు. వాళ్ల ముత్తాత ఓడ ఎక్కి నాటాల్ చెరుకు తోటలకి వెళ్లాడు. ఇప్పుడు వాళ్ల ఇంటిపేరు నాయుడూ, చివర్న రెండు ఓలు. అది అసలు ఇంటిపేరు కాదు కదా? ముత్తాత పేజీలో ఏం రాయాలి?

ఈ ఉత్తరం చదివి చాలాసేపు వేరే పని చేయలేకపోయాను. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి మొదటి ఓడ డర్బన్ చేరింది. 1911 దాకా కూలి ఒప్పందం మీద 1,52,184 మంది వెళ్లారు, అందులో మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలవాళ్లు ఎందరో. ఓడ జాబితాలో ఒక్కొక్కరికి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు రాశారు. ఇంటిపేరుకని విడిగా గడి లేదు. పేరు చివర ఉన్న నాయుడో, తండ్రి పేరో తర్వాతి తరాలకి ఇంటిపేరుగా నిలిచిపోయింది.

కాబట్టి ఊహించి ఏ ఇంటిపేరూ రాయకండి. దొరికేదాకా పుట్టినప్పటి ఇంటిపేరు తెలియదని ఉంచి, నాయుడూ అన్నదాన్ని ప్రస్తుత ఇంటిపేరు గడిలో అదే స్పెల్లింగ్‌తో పెట్టండి. దాన్ని మన నాయుడుగా దిద్దొద్దు, నూరేళ్లకి పైగా వాళ్లు ఆ అక్షరాలతోనే బతికారు. జాబితాలో ముత్తాత పేరు తప్పుగా పడ్డా సరే, ఉన్నది ఉన్నట్టు వివరాల్లో ఎత్తి రాసి, పక్కన తెలుగులో అది ఏ పేరై ఉంటుందో మీరు అనుకున్నది 'నా అంచనా' అని చెప్పి రాయండి.

జిల్లా విషయంలో ఒక జాగ్రత్త. శ్రీకాకుళం వైపువాళ్లయితే కాగితంలో గంజాం అని ఉండొచ్చు, ఆ ప్రాంతం 1936 దాకా గంజాం జిల్లాలోదే, శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో. గంజాం అని చూసి ఒడిశావాళ్లనుకుని వదిలేసినవాళ్లని నేను చూశాను. పేజీలో ఆనాటి జిల్లా పేరే రాయండి, ఇప్పటి జిల్లా వివరాల్లో చెప్పండి.

ముత్తాత నంబరు మీ మిత్రుడి దగ్గర ఉంటే ఠాణా, ఊరు పేర్లతో సహా నాకు పంపండి. ఇంగ్లిష్‌వాళ్లు విని రాసుకున్న ఊరి పేరు ఆ చుట్టుపక్కలవాళ్లు బయటకి చదివితేనే తెలుస్తుంది. ఆ పేరుని వచ్చే నెల ఇదే పేజీలో అచ్చు వేస్తాను.