బట్ట కిందపడితేనే మురికి వదులుతుంది

విజయనగరం

చి. బాబుకి పెదనాన్న ఆశీస్సులు.

7 కిలోల ఫ్రంట్ లోడ్ వాషింగ్ మిషన్ కొన్నారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. శ్రీకాకుళం వచ్చి చూడ్డానికి నాకిప్పట్లో కుదరదు గానీ, బిగించే మనిషి వచ్చేలోగా ఈ ఉత్తరం ఒకసారి చదువు. ముందు అది ఎలా ఉతుకుతుందో తెలియాలి.

పైనుంచి బట్టలేసే మిషన్‌లో బట్ట నీళ్లలో మునిగి తిరుగుతుంది. దీన్లో అలా కాదు. బయటి టబ్బు తిరగదు. దాని లోపల చిల్లుల స్టీలు డ్రమ్ము అడ్డంగా పడుకుని తిరుగుతుంది. డ్రమ్ము గోడకి సాధారణంగా మూడు రెక్కలుంటాయి. అవి తడిబట్టని పైదాకా ఎత్తి వదిలేస్తే దబ్బుమని కిందపడుతుంది. చాకిరేవు బండ మీద బాదినట్టే, ఆ దెబ్బకే మురికి వదిలేది. నీళ్లు అడుగున కొంచెమే ఉంటాయి. అద్దంలోంచి చూసి నీళ్లు రావట్లేదని కంగారు పడి, చెంబుతో సొరుగులో పొయ్యకండి.

బట్ట కిందపడాలంటే పైన ఖాళీ ఉండాలి. బట్టలన్నీ వేశాక డ్రమ్ము పైభాగంలో అరచెయ్యి నిలువుగా దూరాలి. దూరకపోతే రెండు బట్టలు తీసెయ్. 7 కిలోలంటే పొడి నూలుబట్టల లెక్క. పాలిస్టర్ చీరలూ చొక్కాలూ అయితే అందులో సగమే. అలాగని ఒక్క డబుల్ దుప్పటే వేసినా పేచీయే. స్పిన్‌లో అది ఉండలా చుట్టుకుని ఒక పక్కకి చేరుతుంది. బరువు సమానంగా పంచడానికి మిషన్ ఆగి, మళ్లీ తిప్పి, చివరికి పిండకుండానే వదిలేస్తుంది. అది రిపేరు కాదు. దుప్పటితో పాటు రెండు మూడు తువ్వాళ్లు వెయ్యి, సరిపోతుంది.

సబ్బుపొడి దగ్గరే నూటికి తొంభైమంది పాడుచేస్తారు. బకెట్లో నానబెట్టే పొడి దీన్లో వెయ్యకూడదు. నురగ నిండితే బట్ట నురగ మీద పడుతుంది, దెబ్బ తగలదు. పైగా టబ్బు అడుగునుంచి నీటిమట్టం కొలిచే సెన్సర్‌కి సన్నటి గొట్టం ఉంటుంది. నురగ అందులోకి ఎక్కితే మిషన్‌కి నీళ్ల లెక్క తప్పుతుంది. ఫ్రంట్ లోడ్‌కని రాసిన పొడే కొను. ప్యాకెట్ మీద చెప్పినదానికంటే కొంచెం తక్కువతో మొదలుపెట్టు. ఆఖరి జాడింపులో అద్దం మీద నురగ కనిపిస్తే పైసారి ఇంకొంచెం తగ్గించు. సొరుగులో రెండు గీతలున్న గది అసలు ఉతుక్కి, ఒక గీత గది ముందు నానబెట్టడానికి, పువ్వు బొమ్మ ఉన్నది బట్టల్ని మెత్తబరిచే కంఫర్ట్ లాంటి వాటికి. పువ్వు గదిలో మ్యాక్స్ గీత దాటి పోశావంటే అది అప్పుడే కిందికి జారిపోతుంది. ఆఖరి జాడింపుకి ఏమీ మిగలదు.

ఇక బిగింపు. మిషన్ వెనక మూడో నాలుగో పొడవాటి బోల్టులుంటాయి. టబ్బు పైన స్ప్రింగులకి వేలాడుతూ, కింద షాక్ అబ్జార్బర్ల మీద ఆనుకుని ఉంటుంది. దాని బరువుకి తోడు సిమెంటు దిమ్మలు కూడా కట్టి ఉంటాయి. లారీలో అది ఊగకుండా ఆ బోల్టులు పట్టి ఉంచుతాయి. తియ్యకుండా స్పిన్ వేస్తే మిషన్ గదంతా నడుస్తుంది, లోపల పగిలినా పగలొచ్చు. తీశాక ఆ కన్నాలకి ప్లాస్టిక్ మూతలు తప్పకుండా పెట్టించు, లేకపోతే ఎలకలు దూరి వైర్లు కొరుకుతాయి. అడుగున జాలీ కూడా వేయించు. బోల్టులు పారెయ్యొద్దు, ఇల్లు మారేటప్పుడు కావాలి. మిషన్ నిలబెట్టాక ఎదురెదురు మూలలు నొక్కి చూడు. ఊగితే మిషన్ కాలు తిప్పి సరిచేసి, పైనున్న నట్టు బిగించాలి.

నీళ్లు వదిలే పైపు చివర నేలమీద పడేసి వెళ్లిపోతారు కొందరు. పైపు మొత్తం కిందనే ఉంటే, టబ్బులోకి వచ్చిన నీళ్లు వచ్చినట్టే వాటంతటవే కారిపోతాయి. నీళ్లు నిండుతూనే ఉంటాయి, ఉతుకు మొదలవదు. పైపుని మిషన్ వెనక క్లిప్పుకి తగిలించి సుమారు 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తుకి ఎక్కించి, అక్కణ్నుంచి దించాలి.

మీది పై అంతస్తు, ట్యాంకు నెత్తిమీదే. 10 మీటర్ల ఎత్తుకి ఒక బార్ ప్రెషర్. ట్యాంకులో నీళ్లు కుళాయికి 3 మీటర్లే పైన ఉంటే 0.3 బార్ వస్తుంది. మీ మిషన్‌కి కనీసం ఎంత కావాలో మాన్యువల్లో చూడు. చాలకపోతే చిన్న ప్రెషర్ పంపు పెట్టించు. బోరు నీళ్లయితే నీళ్లొచ్చే పైపు మిషన్‌కి తగిలే చోట ఉన్న జల్లెడలో ఇసక పేరుకుంటుంది. కుళాయి కట్టేసి, పైపు విప్పి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు.

హీటరు సుమారు 2000 వాట్లు, అంటే 9 యాంపియర్లు దగ్గర లాగుతుంది. ఎర్త్ ఉన్న 16 యాంపియర్ల సాకెట్టే కావాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు పనికిరాదు. 15 లీటర్ల నీళ్లు 28 డిగ్రీల నుంచి 60కి వేడెక్కడానికే అర యూనిట్ పైన కాలుతుంది. 40కి అయితే పావు యూనిట్‌కి లోపే. రోజువారీ బట్టలకి 40 గానీ చన్నీళ్లు గానీ చాలు. 60 దుప్పట్లకీ తువ్వాళ్లకీ ఉంచు. రక్తపు మరకలు ముందు చన్నీళ్లలో జాడించాలి, వేడి తగిలితే పట్టేస్తాయి. పలాస నుంచి వచ్చిన చుట్టాలు జీడిమామిడి పండు తిని చొక్కా మీద రసం కార్చుకుంటే మాత్రం ఏ ప్రోగ్రాం మీదా ఆశ పెట్టుకోకు. పొందూరు ఖద్దరు పంచెలు చేత్తోనే ఉతుక్కో. గంజి మిషన్‌లో వద్దే వద్దు, డ్రమ్ముకి అంటుకుని పులుస్తుంది.

ప్రతిసారీ తలుపు రబ్బరు మడతల్లో గుడ్డతో తుడిచి, తలుపు కొంచెం తెరిచే ఉంచు. మూసేస్తే నల్లమచ్చలూ కంపూ. నెలకోసారి ఖాళీ డ్రమ్ముతో ఎక్కువ వేడి మీద తిప్పు. ఉప్పునీళ్లయితే అప్పుడప్పుడు 100 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) డ్రమ్ములో వేసి 60 మీద తిప్పితే హీటరుకి పట్టిన తెల్ల పెచ్చు కరుగుతుంది. దాంతో బ్లీచింగ్ మాత్రం కలపకండి, విషవాయువు పుడుతుంది.

కింద మూల చిన్న తలుపు వెనక ఫిల్టరుంటుంది. నీళ్లు పోవట్లేదంటే ముందు అక్కడే చూడు. ప్లగ్ తీసి, వేడి నీళ్లయితే చల్లారాక, సన్నపైపు ఉంటే దాంతో పళ్లెంలోకి వంచెయ్. తర్వాత మూత నెమ్మదిగా విప్పు. పిన్నీసులూ రూపాయి బిళ్లలూ చొక్కా గుండీలూ దొరుకుతాయి. లోపల పంపు రెక్క వేలితో తిరుగుతోందో లేదో టార్చి వేసి చూసి, మూత గట్టిగా బిగించు.

ఉతుకు అయిపోయాక తలుపు తాళం వదలడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది, హ్యాండిల్ పట్టి లాగకు. తుపాను హెచ్చరిక ఉన్న రోజు అసలు మిషనే వెయ్యకు. 2018లో తిత్లీ తుపాను తర్వాత మీ శ్రీకాకుళం జిల్లాలో ఎన్ని ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయో నీకు తెలుసు. మధ్యలో కరెంటు పోతే బట్టలు నీళ్లలోనే ఇరుక్కుంటాయి. అలా అయితే ప్లగ్ తీసి, ముందు ఆ ఫిల్టరు వైపు నుంచే నీళ్లన్నీ తీసెయ్. తలుపు తియ్యడానికి కొన్ని మోడళ్లలో అదే చిన్న తలుపు వెనక చిన్న తాడు కూడా ఉంటుంది. మీ దాంట్లో ఉందో లేదో బిగించే మనిషిని ఇప్పుడే అడిగి చూపించుకో.

ఉంటాను,
పెదనాన్న