తుక్కుతో బొమ్మ చేస్తే కళేనా?

ప్రశ్న: మాది టూవీలర్ మెకానిక్ షెడ్డు. మా వాడు ఐటీఐలో వెల్డింగ్ నేర్చుకున్నాడు. పనిలో కూర్చోరా అంటే పాత చైన్లు, బేరింగులు, గేర్లు ఏరుకుని గద్ద అనీ గుర్రం అనీ అతికిస్తుంటాడు. ఆ ఇనుమంతా పాత సామాన్ల కొట్లో కాటాకి వేస్తే నాలుగు డబ్బులైనా వస్తాయి కదా అని వాళ్లమ్మ గొడవ. అసలిది కళేనా? కూడు పెడుతుందా?
– ఓ పాఠకుడు, నంద్యాల

జవాబు: ఆపకండి. అలాగని అతిగా పొగడకండి కూడా. తుక్కుతో చేశాడన్నంత మాత్రాన ఏ బొమ్మా గొప్పదైపోదు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పేరున్న చిత్రకారుడు పికాసో 1942లో పాత సైకిల్ సీటుకి హ్యాండిల్ తగిలించి ఎద్దు తల చేశాడు. ఉన్నవి రెండే వస్తువులు. చూడగానే అది ఎద్దూ, అది సైకిలూ, రెండూ కనిపిస్తాయి. మీ వాడి గద్దని చూసేటప్పుడు ఇదే గమనించండి. చైను రెక్కగా ఎందుకు మారిందో కళ్లకి తెలియాలి. ఊరికే ఖాళీ కనిపించినచోటల్లా నట్లు కుక్కితే అది గద్ద ఆకారంలో ఉన్న తుక్కు కుప్పే.

చండీగఢ్ రాక్ గార్డెన్ సంగతి వాళ్లమ్మగారికి చెప్పండి. నేక్ చంద్ అక్కడి పీడబ్ల్యూడీలో రోడ్ ఇన్‌స్పెక్టర్. కొత్త నగరం కోసం ఊళ్లు కూల్చినచోట మిగిలిన పెంకులు, పగిలిన టైల్సు, పింగాణీ ముక్కలు, గాజుల ముక్కలు మోసుకెళ్లి, సుఖ్నా చెరువు పక్కన ఎవరూ కట్టడాలు కట్టకూడని అడవిలో, అనుమతి లేకుండా, ఏళ్ల తరబడి రహస్యంగా బొమ్మలు చేశాడు. అధికారులకి తెలిశాక కూల్చేస్తారనే అనుకున్నారంతా. చివరికి 1976లో జనానికి తెరిచారు, ఆయనకే జీతమిచ్చి 50 మంది కూలీలని కూడా ఇచ్చారు. 1984లో పద్మశ్రీ. (మన దగ్గరైతే ముందు నోటీసు, తర్వాత జేసీబీ అని మీరు అనుకుంటుంటే తప్పు పట్టను. అక్కడా ఓసారి రోడ్డు కోసం బుల్డోజర్లు వస్తే జనమే అడ్డం నిలబడ్డారు.)

ఇక కూడు సంగతి. అంత దూరం వద్దు, తెనాలి వెళ్లి చూసి రండి. అక్కడ సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు గారు, వాళ్లబ్బాయి రవిచంద్ర పాత ఇనుముతో పెద్ద పెద్ద విగ్రహాలు చేస్తారు, 2021లో 14 అడుగుల మోదీ విగ్రహంతో దేశమంతా వార్తల్లోకొచ్చారు. కానీ వాళ్లకి విగ్రహాలు చేయడమే వృత్తి, కొలతలు చేతికి పట్టుబడినవాళ్లు. మీ వాడు ఇప్పుడే షెడ్డు వదిలేయకూడదు. పొద్దున బళ్లు, సాయంత్రం బొమ్మలు. అమ్మేటప్పుడు కిలోల లెక్కన మాత్రం ఇవ్వనీయకండి, అలా ఇస్తే కాటా ధర మీద నాలుగు రూపాయలు ఎక్కువ, అంతే. పట్టిన రోజులకి కూలి, రాడ్లు, కరెంటు, గ్రైండర్ చక్రాలు కలిపి ధర చెప్పాలి. ముందు ఒకటి రెండు మీ షెడ్డు ముందే పెట్టండి, బండి బాగయ్యేదాకా ఎదురుచూసే కస్టమర్ కంటే ఓపికైన ప్రేక్షకుడు ఎక్కడా దొరకడు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా మందలించండి. పెట్రోల్ ట్యాంకు ఖాళీగా ఉన్నా లోపల ఆవిరి ఉంటుంది, వెల్డింగ్ నిప్పు తగిలితే పేలుతుంది. మూతపడిన షాక్ అబ్జార్బర్ కూడా వేడికి పగలొచ్చు. జింక్ పూత ఉన్న పైపులూ రేకులూ కాలిస్తే వచ్చే తెల్లటి పొగ పీల్చిన రోజు రాత్రి చలిజ్వరం వస్తుంది. పూత గీకేసి, గాలి ఆడేచోట, మాస్కు పెట్టుకుని చేయాలి.

ప్రశ్న: ఇనుప బొమ్మ తుప్పు పట్టకుండా బంగారు రంగు వేయొచ్చా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వేయకండి తల్లీ! గ్రీజు కడిగి, వైర్ బ్రష్‌తో రుద్ది, ఆరాక క్లియర్ లక్కర్ (రంగులేని వార్నిష్ లాంటి పూత) కొట్టండి. బయట వానలో పెట్టేదైతే ఏడాదికోసారి మళ్లీ కొట్టాల్సి రావచ్చు. బంగారు రంగు వేస్తే గేరేదో గిన్నేదో ఎవరికీ తెలియదు, ఇంక తుక్కుతో ఎందుకు చేసినట్టు?