బొమ్మ సంగతి తర్వాత, ముందు ఆ పగడపు రాయి సంగతి చూడండి

ప్రశ్న: లాయరు గారూ, మాది విశాఖపట్నం, ఎం.వి.పి. కాలనీ. ప్రైవేటు ఉద్యోగం. చిన్నప్పటి నుంచీ నాణేలు, పాత నోట్లు, కార్టూన్ హీరోల బొమ్మలు పోగేసే పిచ్చి ఉంది. ఆ మధ్య బీచ్ రోడ్డులో ఒక హాల్లో గిఫ్టులు, కలెక్టబుల్స్ ఎగ్జిబిషన్ పెడితే టికెట్ కొనుక్కుని మరీ రెండు రోజులూ వెళ్ళాను. పక్క రాష్ట్రం నుంచి వచ్చిన ఒక స్టాల్‌వాళ్ళు జపాన్ కంపెనీ లిమిటెడ్ ఎడిషన్ బొమ్మ చూపించి, 'హండ్రెడ్ పర్సెంట్ ఒరిజినల్' అన్నారు. 18,500 రూపాయలు ఫోన్‌పే చేశాను. బిల్లు అడిగితే చిన్న చీటీ చేతిలో పెట్టారు. దాని మీద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని ముద్ర. ఇంటికొచ్చి చూస్తే పెట్టె మీద కంపెనీ పేరులోనే స్పెల్లింగ్ తప్పు! బొమ్మ మొహం మీద రంగు కూడా పూసుకుపోయి ఉంది. ఇదే హాబీ ఉన్న మిత్రులంతా నకిలీదే అంటున్నారు. అమ్మినాయన వాట్సాప్‌లో 'చూసుకునే కొన్నారుగా' అంటున్నాడు. నిర్వాహకులేమో 'మేం స్టాల్ అద్దెకిచ్చాం, అంతే' అంటున్నారు. నా డబ్బు తిరిగొస్తుందా? రాకపోతే ఆ బొమ్మను ఆన్‌లైన్‌లో వేరేవాళ్ళకు అమ్మేయవచ్చా? ఇంకొక చిన్న విషయం. అక్కడే ఆల్బమ్ కోసం రద్దయిన పాత 500 నోట్లు ఏడు, 1000 నోట్లు ఐదు కొన్నాను. మా మామయ్య గృహప్రవేశానికి ఇద్దామని చెక్క దిమ్మ మీద అమర్చిన తెల్ల పగడపు రాయి, గవ్వల షోపీసు కూడా తీసుకున్నాను. వీటితో కేసు అవుతుందని ఆఫీసులో ఒకాయన భయపెడుతున్నారు. నిజమేనా? టెన్షన్‌గా ఉంది. (పేరు ప్రచురించవద్దన్నారు)

జవాబు: బొమ్మ గురించి అంత వివరంగా రాసి, పగడపు రాయిని 'చిన్న విషయం' కింద చివర్లో పెట్టారు. చట్టం దృష్టిలో లెక్క తిరగబడి ఉంది. బొమ్మ విషయంలో పోతే డబ్బే పోతుంది. ఆ రాయి విషయంలో జైలు శిక్ష ఉంది. అందుకని నేను వెనకనుంచి మొదలుపెడతాను.

పగడం రాయిలా కనిపిస్తుంది కానీ అది సముద్ర జీవి కట్టుకున్న అస్థిపంజరం. దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూల్ 1లో చేర్చారు. పులి ఉన్నది కూడా ఆ షెడ్యూల్‌లోనే. 'ఎప్పుడో చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముక్క కదండీ' అనే వాదన చెల్లదు. పులి బతికి లేకపోయినా దాని చర్మం ఇంట్లో పెట్టుకోకూడదు కదా, ఇదీ అంతే. షెడ్యూల్ 1 జీవి భాగాలు దగ్గరుంటే సెక్షన్ 51 కింద కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఏడేళ్ళ జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. పైగా సెక్షన్ 57 ప్రకారం వస్తువు మీ దగ్గర దొరికితే అది అక్రమంగా ఉన్నట్టే కోర్టు మొదట అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం మీ మీద పడుతుంది. మామూలు క్రిమినల్ కేసులో పోలీసులు రుజువు చేయాలి, ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. రుషికొండలో, కైలాసగిరి మీద బళ్ళవాళ్ళు ఏం అమ్ముతున్నారో నాకూ తెలుసు. అందరూ అమ్ముతున్నారు, అందరూ కొంటున్నారు అన్న మాటకు కోర్టులో విలువ లేదు.

సెక్షన్ 39 ఇంకా ముఖ్యం. నేరంతో ముడిపడిన ఇలాంటి వస్తువు ప్రభుత్వ ఆస్తి. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి లేకుండా దాన్ని దగ్గర ఉంచుకోకూడదు, అమ్మకూడదు, బహుమతిగా ఇవ్వకూడదు. చట్టంలో బహుమతి అనే మాట అలాగే ఉంది. మామయ్యగారికి ఇస్తే మీ తలనొప్పిని ఆయన కొత్తింట్లో పెట్టి వచ్చినట్టవుతుంది. భయపడి పగలగొట్టడమూ, రాత్రికి రాత్రి సముద్రంలో విసిరేయడమూ వద్దు. పాడుచేయడం, నాశనం చేయడం కూడా అదే సెక్షన్ కింద నిషేధమే.

అది నిజంగా పగడమేనా అన్నది ముందు తేలాలి. షోపీసుల్లో రెసిన్‌తో పోతపోసినవి చాలా ఉంటాయి. బొమ్మ అసలుదై ఉంటే బాగుండునని మీరనుకున్నారు, ఈ రాయి మాత్రం నకిలీదని తేలితే సింహాచలం వెళ్ళి మొక్కు తీర్చుకోండి. సూది కాల్చి గుచ్చడం లాంటి ఇంటి పరీక్షలు చేయకండి. నాలుగు వైపులా ఫొటోలు తీయండి. విశాఖలో సముద్ర జీవులను గుర్తించగలవాళ్ళకు కొదవ లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉన్నారు, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) ప్రాంతీయ కేంద్రంలో ఉన్నారు. అసలుదేనని తేలితే, తేలే దాకా ఆగలేకపోయినా సరే, క్రిమినల్ లాయరును వెంటబెట్టుకుని అటవీ శాఖ డివిజనల్ అధికారికి రాతపూర్వకంగా అప్పగించి రసీదు తీసుకోండి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎంతకు కొన్నారో అందులో రాయండి. ఇలాంటిది చేతికి వచ్చిన 48 గంటల్లో తెలియజేయాలని చట్టం చెబుతోంది. ఆ గడువు మీకు దాటిపోయింది. అయినా అధికారులు ఇంటికొచ్చి పట్టుకోవడానికీ, మీరే వెళ్ళి అప్పగించడానికీ చాలా తేడా ఉంటుంది.

గవ్వలన్నీ నిషేధం కాదు. నాటిలస్, ట్రైటన్, పెద్ద హెల్మెట్ గవ్వల్లాంటి కొన్ని జాతులకే రక్షణ ఉంది. దిమ్మ మీద ఉన్నవి ఏ జాతివో ఆ ఫొటోల్లోనే తేలిపోతుంది.

ఇక పాత నోట్లు. వీటి కోసం 2017లో ప్రత్యేకంగా ఒక చట్టం వచ్చింది. 2016 నవంబరు 8న రద్దయిన 500, 1000 నోట్లు ఏవైనా సరే, మొత్తం కలిపి పదికి మించి ఎవరి దగ్గరా ఉండకూడదు. అధ్యయనం, పరిశోధన, నాణేలు నోట్ల సేకరణ కోసమైతే 25 దాకా ఉంచుకోవచ్చు. మీ దగ్గర పన్నెండు ఉన్నాయి. మీకు నిజంగానే ఆల్బములున్నాయి కాబట్టి రెండో మినహాయింపు మీకు వర్తిస్తుంది. విడిగా కవరులో పెట్టి బీరువాలో దాచకుండా మిగతా సేకరణతో కలిపి ఆల్బములోనే ఉంచండి.

చాలామంది గమనించని మెలిక ఒకటి ఇందులో ఉంది. చట్టం ఆ నోట్లను ఉంచుకోవడం, బదిలీ చేయడం, పుచ్చుకోవడం మూడింటినీ నిషేధించింది. మినహాయింపు ఇచ్చింది మాత్రం ఉంచుకోవడానికే. అంటే స్టాలు పెట్టి వాటిని అమ్మినాయన అమ్మకూడనిది అమ్మాడు. కొనడం కూడా వివాదానికి తావిచ్చేదే. ఇకమీదట కొనకండి, మార్చుకోకండి, ఎవరికీ అమ్మకండి. దీనికి జైలు లేదు, జరిమానాయే. పదివేలు, లేదా నోట్ల ముఖ విలువకు ఐదు రెట్లు, ఏది ఎక్కువైతే ఆ మొత్తం దాకా వేయవచ్చు. మీ నోట్ల ముఖ విలువ 8,500 కాబట్టి గరిష్ఠంగా 42,500. పన్నెండు నోట్లున్న సేకర్త మీద కేసు పెట్టినట్టు నా అనుభవంలో చూడలేదు. ఆఫీసులో ఆయన భయపెట్టినంత లేదు. అన్నట్టు, పాత నోట్లు, నాణేలు లక్షలకు కొంటాం, ముందు కమీషన్ కట్టండి అంటూ రిజర్వు బ్యాంకు పేరుతో ఫోన్లు వస్తే నమ్మకండి. తనకు అలాంటి వ్యాపారమే లేదని ఆ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది.

ఇప్పుడు మీ బొమ్మ.

చీటీ మీద ముద్ర చూసి చాలామంది అక్కడితో ఆగిపోతారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, రాయకపోతే 30 రోజుల్లోగా తీసుకోవాలి. అసలు బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత పద్ధతుల జాబితాలోనే ఉంది. వస్తువుకు లేని నాణ్యత ఉందని చెప్పి అమ్మడమూ అంతే. కాబట్టి రబ్బరు స్టాంపుతో చట్టాన్ని కొట్టేయలేరు. అయితే బొమ్మ అసలుదే అయ్యుండి, ఇంటికొచ్చాక మీ మనసు మారి ఉంటే వాపసు అడిగే హక్కు ఉండేది కాదు.

'చూసుకునే కొన్నారుగా' అన్నదానికి జవాబు సరుకుల అమ్మకపు చట్టం, 1930లో ఉంది. ఫలానాది అని వర్ణించి అమ్మినప్పుడు వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. స్టాల్లో మీరు దాన్ని చేత్తో పట్టుకుని చూసినా ఈ షరతు పోదు. మీ కేసంతా 'ఒరిజినల్' అన్న ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది. ఆ మాట ఆయన అన్నాడని మీరు చూపించగలరా? చీటీ మీద రాయకపోతే వాట్సాప్‌లో వెతకండి. స్టాల్ బ్యానర్, రేటు కార్డు, మీరు తీసుకున్న వీడియో, ఏదైనా పనికొస్తుంది. ఇంకా దొరకకపోతే ఇప్పుడే మర్యాదగా, 'మీరు ఒరిజినల్ అని చెప్పి ఇచ్చారు కదా, కంపెనీ పేరు స్పెల్లింగ్ తప్పుంది, ఏమిటి సంగతి?' అని మెసేజ్ పెట్టండి. చాలామంది అమ్మకందార్లు ఇలాంటి దానికి జవాబిస్తూ తామే ఒప్పేసుకుంటారు. స్క్రీన్‌షాట్లతో పాటు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన సర్టిఫికెట్‌ను భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద జతచేయాలి. ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి.

నకిలీదని మిత్రులు చెబితే, ఇలాంటి కేసులు వినే వినియోగదారుల కమిషన్‌కు సరిపోదు. వస్తువును ల్యాబుకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది కానీ, మందులకూ నూనెలకూ ఉన్నట్టు ఈ బొమ్మలకు ల్యాబులు ఎక్కడున్నాయి? దానికి బదులు పెట్టె, సీరియల్ నంబరు, బొమ్మ అడుగున ముద్ర ఫొటోలు తయారీ కంపెనీకి గానీ, మన దేశంలో దాని అధీకృత డిస్ట్రిబ్యూటరుకు గానీ మెయిల్ చేయండి. 'ఇది మా ఉత్పత్తి కాదు' అని ఒక్క లైను జవాబు వస్తే, దానికి మించిన సాక్ష్యం మీకు అక్కర్లేదు. పెట్టె పారేయకండి. పూసుకుపోయిన రంగు మీరు సరిచేయకండి.

అవతలి లాయరు రెండు ప్రశ్నలు వేస్తాడు. అసలు బొమ్మ బయట ఎంతకు దొరుకుతుంది? అది యాభై వేలదైతే, అన్నీ తెలిసిన అభిమాని 18,500కే ఒరిజినల్ వస్తుందని ఎలా నమ్మాడని అడుగుతాడు. జవాబు ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి. రెండోది, మీరు బొమ్మలు కొని అమ్ముతుంటారా? లాభానికి అమ్మేందుకు కొన్నవాళ్ళు చట్టం ప్రకారం వినియోగదారులు కారు. సొంత అల్మారా కోసం కొన్న ఒక్క బొమ్మ వ్యాపారం కాదు. ఇన్‌స్టాగ్రామ్‌లో 'ఫర్ సేల్' అని పేజీ నడుపుతుంటే మాత్రం ముందే మీ లాయరుకు చెప్పండి.

నిర్వాహకులను పూర్తిగా వదలకండి. 'అన్నీ అసలైన వస్తువులే' అని వాళ్ళు బ్రోచరులోనో, టికెట్ మీదో, ప్రకటనలోనో వేసి ఉంటే వాళ్ళనూ ప్రతివాదిగా చేర్చవచ్చు. స్టాళ్ళు అద్దెకివ్వడం తప్ప ఏ హామీ ఇవ్వకపోతే వాళ్ళ మీద కేసు బలహీనం. ఎలా ఉన్నా స్టాల్ యజమాని పూర్తి పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ కొన్నాళ్ళు అమ్మేవాళ్ళు సాధారణంగా తాత్కాలిక జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి కనుక ఆ వివరాలు వాళ్ళ దగ్గర ఉండే అవకాశం ఎక్కువ. ఫోన్‌పే రికార్డులో డబ్బు ఎవరి పేరున పడిందో కూడా చూసుకోండి.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. దానితో కదలిక రాకపోతే పదిహేను రోజుల గడువిచ్చి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. తర్వాత కమిషన్. అమ్మినాయన ఊరికి మీరు వెళ్ళనక్కర్లేదు. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసుకోవచ్చని 2019 చట్టం చెప్పింది కాబట్టి విశాఖ జిల్లా కమిషన్ చాలు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు కనుక ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. లాయరు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు. అవతలివాళ్ళకు జవాబివ్వడానికి 30 రోజులు, పొడిగిస్తే మరో 15 రోజులు, అంతే. ఊళ్ళు తిరిగే స్టాళ్ళవాళ్ళు తరచుగా రారు. రాకపోతే ఏకపక్షంగా ఆర్డరు వస్తుంది. ఆర్డరును లెక్కచేయకపోతే సెక్షన్ 72 కింద జైలు శిక్షకూ అవకాశముంది. 18,500, దాని మీద వడ్డీ, ఖర్చులు, మానసిక వేదనకు ఒక న్యాయమైన మొత్తం అడగండి. ఐదు లక్షలు పరిహారం అని రాస్తే కమిషన్‌కు మీ మీద ఉన్న సానుభూతి కాస్తా తగ్గుతుంది. పోలీసుల దగ్గరికి ఇప్పుడే పరిగెత్తనక్కర్లేదు. మీలాగే మోసపోయినవాళ్ళు మరికొందరు బయటపడితే అప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం ఫిర్యాదుకు బలం వస్తుంది.

ఆన్‌లైన్‌లో అమ్మేయడం మాత్రం కుదరదు. నకిలీదని తెలిసి ఒరిజినల్ అని అమ్మితే, రేపు ఇంకొకరు ఇదే ప్రశ్న మీ గురించి రాస్తారు. నకిలీదేనని చెప్పి అమ్మినా తప్పుడు ట్రేడ్‌మార్కు ఉన్న వస్తువు అమ్మడం ట్రేడ్‌మార్కుల చట్టం సెక్షన్ 104 కింద నేరమే. దానికి ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా ఉన్నాయి. మీ అల్మారాలో ఉన్నంతవరకు నేరం కాదు. అన్నిటికంటే ముందు, కమిషన్‌లో చూపించడానికి మీ దగ్గరున్న అసలైన సాక్ష్యం ఆ బొమ్మే. దాన్ని పెట్టెతో సహా అలాగే ఉంచి, ముందు అటవీ శాఖ పని ముగించుకురండి.