ప్యాంటు బిగుతు సంగతి ఆవిడకు ఇంకా చెప్పలేదా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. గుంటూరులో ఒక ప్రైవేటు బ్యాంకులో లోన్ల విభాగంలో పని, రోజంతా బైక్ మీద ఊళ్లు తిరగాలి. మొదటినుంచీ నా తొడలు లావు, అందుకే లూజు ప్యాంట్లే అలవాటు. పెళ్లయి ఏడాదిన్నర అయింది. మా ఆవిడకు ఆ ప్యాంట్లు నచ్చవు, 'అంకుల్‌లా ఉన్నారు' అంటుంది, స్లిమ్ ఫిట్‌వి తనే కొనుక్కొస్తుంది. వేసుకుంటే తొడలు ఒరుసుకుపోయి ఎర్రగా అవుతున్నాయి, ఒకటే దురద. మొన్న వాళ్ల పుట్టింటి గృహప్రవేశంలో అందరూ చాపల మీద కూర్చుని వ్రతకథ వింటుంటే, ఆ ప్యాంటుతో కింద కూర్చోలేక నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. అల్లుడికి పొగరని అనుకున్నారట. ఇంటికొచ్చాక పెద్ద గొడవ. కోపంతో ఆ ప్యాంట్లన్నీ బీరువా అడుగున పడేశాను. అప్పటినుంచి తను సరిగా మాట్లాడటం లేదు. ఇంత చిన్న విషయానికి సలహా అడగడం కూడా సిగ్గుగా ఉంది.

జవాబు: సిగ్గు దేనికండీ, పొద్దున్న తొడుక్కుంటే రాత్రిదాకా ఒంటి మీద ఉండేది బాధపెడుతుంటే అది చిన్న విషయమెలా అవుతుంది?

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒరుసుకుపోతోందని నాకు చెప్పారు, దురదని నాకు చెప్పారు, కింద కూర్చోలేకపోయారనీ నాకు చెప్పారు. మీ ఆవిడకు చెప్పినట్టు మాత్రం ఎక్కడా లేదు. ఒక్కసారి ఆమె వైపునుంచి చూడండి. ఇష్టపడి కొనుక్కొచ్చిన బట్టలు మాటా పలుకూ లేకుండా బీరువాలోకి పోయాయి, తన వాళ్లందరి ముందు భర్త గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రాలేదు, ఎందుకో చెప్పలేదు. కారణం తెలియనప్పుడు మనిషి ఏదో ఒకటి ఊహించుకుంటుంది, అది ఎక్కువగా చెడ్డదే అవుతుంది. నా ఎంపికంటే లెక్కలేదు, మా వాళ్లంటే గౌరవం లేదు అనుకుని ఉంటుంది.

కాబట్టి ఈ రోజే చెప్పండి. ఆమె కొన్నవి బాగాలేవని మొదలుపెట్టకండి, మీ ఒంటి సంగతితో మొదలుపెట్టండి. 'నాకు తొడల దగ్గర బిగుతైతే ఒరుసుకుని మంటపుడుతోంది, బైక్ మీద కూర్చోవడం నరకంగా ఉంటోంది, ఆ రోజు కింద కూర్చుంటే కుట్లు ఊడతాయని భయపడ్డాను, చెప్పడానికి మొహమాటపడ్డాను' అంటే చాలు. మగవాళ్లు తొడల లావు గురించీ గజ్జల్లో దురద గురించీ భార్యకు కూడా చెప్పుకోలేక తిప్పలు పడటం నేను చాలా చూశాను, అది అనవసరమైన బరువు. అలాగే 'అంకుల్' అన్న మాట నొప్పిస్తోందని కూడా చెప్పండి, సరదాకి అంటోందేమో, మీకు తగులుతోందని ఆమెకు తెలియాలి కదా.

ఇంకో కారణం కూడా ఉంది చెప్పడానికి. ఎరుపూ దురదా కలిసి ఉన్నాయంటే అది ఒట్టి ఒరిపిడే కావచ్చు, తామర కూడా కావచ్చు. చెమట, వేడి, బిగుతు బట్ట, మూడూ కలిసిన చోట ఫంగస్ బాగా పెరుగుతుంది, మన ఎండాకాలంలో బైక్ మీద తిరిగేవాళ్లకు ఇక చెప్పక్కర్లేదు. తామరైతే తువ్వాళ్లు, దుప్పట్ల ద్వారా ఆమెకూ అంటుకుంటుంది. చర్మ డాక్టర్‌కు చూపించండి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే క్రీములు మాత్రం వద్దు, వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, రెండు రోజులు హాయిగా అనిపిస్తుంది, లోపల ఫంగస్ పాకుతూనే ఉంటుంది, తర్వాత అసలు మందుకి కూడా తొందరగా లొంగదు. తొడ బయటివైపు తిమ్మిరిగానో మంటగానో ఉంటే అది కూడా డాక్టర్‌తో చెప్పండి, నడుము దగ్గర బెల్టూ ప్యాంటూ బాగా బిగిస్తే అక్కడినుంచి తొడకు వెళ్లే నరం నొక్కుకుపోతుంది.

ఇక ప్యాంట్లు. మీ ఆవిడ అభిప్రాయంలోనూ కొంత నిజం ఉండొచ్చు, కోపం తెచ్చుకోకుండా వినండి. రెడీమేడ్ ప్యాంటు సైజు నడుము కొలతతో వస్తుంది. తొడలు లావున్నవాళ్లు తొడ పట్టడం కోసం 34 నడుముకి 36 కొంటారు, అప్పుడు నడుము వదులై బెల్టు కింద ముడతలు పడతాయి, వెనకాల సీటు జారుతుంది, కింద బాటమ్ సంచిలా వేలాడుతుంది. ఆమెకు నచ్చనిది ఆ వేలాడటమేమో! సుఖంగా ఉండే లూజు వేరు, కొలత తప్పిన లూజు వేరు.

అందుకని మంచి టైలర్ దగ్గరికి వెళ్లండి, ఇద్దరూ కలిసి వెళ్లండి. నడుము అసలు కొలతకే పెట్టించండి. తొడ కొలత నిలబడి ఒకసారి, స్టూల్ మీద కూర్చుని ఒకసారి తీయమనండి, కూర్చుంటే తొడ వెడల్పవుతుంది కదా. ముందువైపు ఒక్కో ప్లీట్, అంటే మడత, పెట్టిస్తే కూర్చున్నప్పుడు అది విచ్చుకుని చోటిస్తుంది. నడుము పట్టీ బొడ్డుకి కొంచెం దిగువన ఉండేలా, మోకాలి కిందినుంచి కాస్త సన్నబడేలా, లోపల కుట్టు దగ్గర మార్జిన్ వదిలేలా చెప్పండి. కాటన్‌లో కొద్దిగా లైక్రా, అంటే సాగే దారం, కలిసిన గుడ్డ అయితే బైక్‌కి బాగుంటుంది. తొడ, సీటు కొలతలు మీ ఇష్టం. రంగు, గుడ్డ, బాటమ్ ఎంతుండాలన్నది ఆమె ఇష్టానికి వదిలేయండి.

ఇప్పుడు కాలేజీ పిల్లలంతా బ్యాగీలే వేస్తున్నారు, కాబట్టి నేనే కరెక్ట్ అని మాత్రం వాదించకండి. 1970ల్లో బెల్‌బాటమ్, 90ల్లో ప్లీట్ల బ్యాగీ, తర్వాత లోవెయిస్ట్, 2010ల్లో కాళ్లకు అతుక్కునే స్కిన్నీ, ఇప్పుడు మళ్లీ వెడల్పు. ఫ్యాషన్ మీ వైపుందని గెలిస్తే, రేపు అది మళ్లీ బిగుతు వైపు తిరిగినప్పుడు ఏమంటారు? మీ తొడలు అప్పుడూ ఇవే కదా. నాకు ఇలా ఉంటేనే హాయి అన్నది ఏ కాలంలోనైనా చాలినంత కారణం.

అత్తవారి సంగతి తేలికే. మామగారికి ఫోన్ చేసి 'ఆ రోజు ప్యాంటు బిగుతై కింద కూర్చోలేకపోయాను, మరోలా అనుకోకండి' అనండి. నవ్వేసి ఊరుకుంటారు. ఈసారి శుభకార్యానికి పంచె కట్టుకెళ్లండి, అంచు ఆమెనే ఎంచమనండి.

బీరువాలో ఉన్నవి కూడా బయటికి తీయండి. లోపల మార్జిన్ ఉంటే టైలర్ తొడ దగ్గర కొంత విప్పి కుట్టగలడు, లేకపోతే ఎవరికైనా సరిపోయేవాళ్లకు ఇవ్వొచ్చు, కానీ ఆమెను అడక్కుండా ఇవ్వకండి.