అరకిలో పొటాష్‌తో మొదలుపెట్టండి

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతోంది. న్యూక్లియర్ ఫిజిక్స్ ప్రొఫెసర్ అవుతానని, డిగ్రీ పిల్లలతో రీసెర్చ్ చేయిస్తానని అంటోంది. ఇప్పటి నుంచి ఏం చేయాలి? ఎన్నేళ్లకు స్థిరపడుతుంది? రేడియేషన్ సంగతేమిటి?

సమాధానం: ఏళ్ల లెక్క ముందు తేల్చేద్దాం. డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదారేళ్లు, ఆపైన పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) రెండు నుంచి నాలుగేళ్లు. అంటే ముప్పై దాటాకే పర్మినెంటు ఉద్యోగం మాట. ఈలోగా చేతిలో డబ్బులు ఆడవని కాదు. జేఆర్‌ఎఫ్ (జాతీయ పరీక్ష రాస్తే వచ్చే పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్లయ్యాక 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700తో మొదలవుతుంది. పీహెచ్‌డీలో మూడో ఏడాదికి గానీ డేటా చేతికి రాదు, సరిగ్గా అప్పుడే ఇంట్లో సంబంధాల ఊసు మొదలవుతుంది. ఆ ఏడాది మాత్రం అమ్మాయిని కదపకండి.

నాలుగేళ్ల ఆనర్స్ గురించి కూడా అడుగుతారు. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉంటే నాలుగో ఏడాది 'ఆనర్స్ విత్ రీసెర్చ్' తీసుకోవచ్చు. అందులో 12 క్రెడిట్లు ప్రాజెక్టుకే. ఆ దారిన నేరుగా పీహెచ్‌డీకి కూడా వెళ్లవచ్చు. కానీ రేడియేషన్‌ను కొలిచే డిటెక్టర్ లేని కాలేజీలో ఆ ఏడాది గడిపితే చేతికి వచ్చేది బైండు చేసిన పుస్తకమే. అలాంటప్పుడు మూడేళ్లతో ముగించి, జామ్ (ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) రాసి, మంచి ల్యాబ్ ఉన్నచోట ఎమ్మెస్సీ చేయడమే మేలు. మనకు దగ్గర్లో చూస్తే, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్‌కు విడిగా ఒక విభాగమే ఉంది. దానికి పునాది వేసింది గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద.

ఇక అసలు విషయం. డిగ్రీలో రీసెర్చ్ అనగానే పిల్లలు యాక్సిలరేటర్ (కణాల వేగాన్ని పెంచే పెద్ద యంత్రం) వైపు చూస్తారు. అలాంటివే ఢిల్లీలోని ఐయూఏసీ పరిశోధన కేంద్రంలో పెలెట్రాన్, కోల్‌కతాలోని వీఈసీసీ కేంద్రంలో సైక్లోట్రాన్ ఉన్నాయి. అక్కడ బీమ్ టైమ్ (యంత్రాన్ని వాడుకునే సమయం) ఎనిమిది గంటల షిఫ్టుల లెక్కన ఇస్తారు, దానికోసం నెలల ముందే ప్రపోజల్ పెట్టుకుని కమిటీ ముందు సమర్థించుకోవాలి. రాత్రి షిఫ్టులో కూర్చుని లాగ్‌బుక్ రాస్తే చాలా నేర్చుకుంటారు, నిజమే. కానీ ఆ ప్రయోగం వాళ్లది కాదు. డిగ్రీ విద్యార్థికి మొదటి నుంచి చివరిదాకా తనదే అనిపించే చిన్న కొలత ఒకటి కావాలి.

ఉదాహరణకు పొటాషియం-40, అంటే పొటాషియంలో సహజంగానే కొద్దిగా ఉండే రేడియోధార్మిక రకం. ఎరువుల కొట్లో దొరికే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అరకిలో తెచ్చుకుంటే అందులో సుమారు 250 గ్రాముల పొటాషియం ఉంటుంది. గ్రాముకు సెకనుకు 31 విఘటనల చొప్పున మొత్తం 7,700 బెక్రెల్ (సెకనుకు ఒక విఘటన అంటే ఒక బెక్రెల్) దాకా వస్తుంది. వాటిలో పదకొండు శాతం లోపే 1461 కేఈవీ (కిరణం శక్తిని కొలిచే ప్రమాణం) గామా కిరణాన్ని ఇస్తాయి, అంటే సెకనుకు 800 పైచిలుకు. జీఎం కౌంటర్ కిరణాలను లెక్కపెడుతుందే తప్ప గామా శక్తిని చెప్పదు కాబట్టి సోడియం అయోడైడ్ డిటెక్టర్ కావాలి. మీ కాలేజీలో లేకపోతే యూనివర్సిటీ ఎమ్మెస్సీ ల్యాబులో అడిగి, సెలవుల్లో వారం రోజులు వాడుకోవాలి.

చూడ్డానికి తేలికే. ఎక్కడ తప్పుతుందో చూడండి. శక్తి ముందే తెలిసిన సోర్సుతో డిటెక్టర్ స్కేలు సరిచూడటమే కాలిబ్రేషన్. దాన్ని సీజియం-137 ఒక్కదానితో, 662 కేఈవీ దగ్గర మాత్రమే చేసి 1461 దాకా గీత లాగేస్తారు. గ్రాఫులో పొటాషియం శిఖరం వేరేచోట కనబడుతుంది. కోబాల్ట్-60 ఇచ్చే 1173, 1332 కూడా కలుపుకోవాలి. హైవోల్టేజీ ఆన్ చేసిన వెంటనే కౌంటింగ్ మొదలుపెడితే గెయిన్ (డిటెక్టర్ సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందనేది) నెమ్మదిగా జరిగి శిఖరం వెడల్పవుతుంది, అందుకే కనీసం అరగంట ఆగాలి. ఏసీ మధ్యలో ఆపేసినా ఇదే గొడవ. అన్నిటికన్నా పెద్ద పొరపాటు బ్యాక్‌గ్రౌండ్‌ను, అంటే చుట్టుపక్కల నుంచి వచ్చే రేడియేషన్‌ను, మరిచిపోవడం. గది గోడల్లోనూ పొటాషియం-40 ఉంది, పొటాష్ లేకుండా కూడా అదే 1461 శిఖరం వస్తుంది. అందుకే సీసపు ఇటుకల మధ్య అదే అమరికలో ఖాళీ డబ్బా పెట్టి, అంతే సమయం మళ్లీ కౌంట్ చేయాలి.

ఆ తర్వాత లెక్క. మొత్తం 10,000 కౌంట్లు, బ్యాక్‌గ్రౌండ్ 6,000 వచ్చాయనుకోండి. తేడా 4,000. దోషం ఎంత అంటే చాలామంది 4,000కు వర్గమూలం తీసి 63 అంటారు. కాదు. రెండు కొలతల అనిశ్చితీ కలుస్తుంది, 10,000, 6,000 కలిపిన 16,000 వర్గమూలం 126 అవుతుంది. అంటే 1.6 శాతం కాదు, 3.2 శాతం.

మంచి గైడ్ ఎవరో తెలిసేది ఇక్కడే. 63 అని రాసి తెచ్చిన విద్యార్థికి 126 అని దిద్ది ఇచ్చేయడు. "బ్యాక్‌గ్రౌండ్ మళ్లీ ఐదుసార్లు తీసుకురా, ఎంత మారుతోందో చూద్దాం" అంటాడు. విద్యార్థికి ఒక రోజు పోతుంది, కానీ ఆ పాఠం పోదు. మీ అమ్మాయి అవుతానంటున్న ఉద్యోగంలో సగం ఇదే: ఎనిమిది వారాల్లో పూర్తయ్యే ముక్కగా సమస్యను కోయడం, సెమిస్టర్ పరీక్షలను దృష్టిలో పెట్టుకోవడం, విద్యార్థి తప్పు చేస్తున్నప్పుడు ఎప్పుడు ఆపాలో ఎప్పుడు ఊరుకోవాలో తెలియడం. మిగతా సగం గ్రాంట్లు, ప్రపోజళ్లు, పేపర్లు.

డిటెక్టర్ అస్సలు దొరకదంటారా, లినక్స్ వేసిన మామూలు ల్యాప్‌టాప్ చాలు. పైథాన్ ప్రోగ్రామింగ్‌తో మొదలుపెట్టి, డేటా విశ్లేషణకు వాడే రూట్ నేర్చుకుని, కణాల ప్రయాణాన్ని కంప్యూటర్లో అనుకరించే జియాంట్-4లో అదే పొటాష్ డబ్బాను, అదే డిటెక్టర్‌ను సిమ్యులేట్ చేయవచ్చు. ఇవన్నీ ఉచితం. తర్వాత ప్రయోగం చేయగలిగినప్పుడు రెండు ఫలితాలనూ పోల్చుకోవచ్చు. అవి కలవకపోవడం మామూలే. ఎందుకు కలవలేదో రాసిన నాలుగు పేజీలు ఏ ఇంటర్వ్యూలోనైనా మార్కుల మెమో కన్నా ఎక్కువ మాట్లాడతాయి.

రేడియేషన్ గురించి మీ భయం సహజమే. పొటాష్ సంచి రైతు భుజాన మోసేదే. ల్యాబులో వాడే కాలిబ్రేషన్ సోర్సులు చిన్నవి, సీలు చేసినవి. చేత్తో కాక పటకారుతో తీయడం, పని కాగానే సీసపు పెట్టెలో పెట్టి రిజిస్టరులో రాయడం అలవాటైతే చాలు. యాక్సిలరేటర్ దగ్గర పనిచేసేవాళ్లకు ఒంటికి తగిలిన రేడియేషన్‌ను నమోదు చేసే టీఎల్‌డీ బ్యాడ్జి ఇస్తారు. వాళ్లకు ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదు కొలత), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. సరైన ల్యాబులో బ్యాడ్జి రీడింగు దీనికి చాలా కిందే ఉంటుంది. బ్యాడ్జి ఇవ్వకుండా బీమ్ హాల్లోకి రమ్మనే చోటు ఉంటే అక్కడికి పంపకండి.

ప్రొఫెసర్ పోస్టులు తక్కువ. కాబట్టి పక్కదారి కూడా తెలిసి ఉండాలి. ఎమ్మెస్సీ తర్వాత బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూల్ పరీక్ష రాస్తే సైంటిఫిక్ ఆఫీసర్ కావచ్చు. అదే బార్క్‌లో రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా చేస్తే క్యాన్సర్ ఆసుపత్రుల్లో మెడికల్ ఫిజిసిస్టు ఉద్యోగాలు.

వెంటనే చేయాల్సింది ఒకటుంది. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. రెండు నెలల పని, స్టైపెండ్ ఇస్తారు. దరఖాస్తుకు లెక్చరర్ సిఫార్సు లేఖ కావాలి. అది గడువులోగా అందకే చాలా దరఖాస్తులు పక్కకు పోతాయి, కాబట్టి లెక్చరర్‌కు పదిహేను రోజుల ముందే చెప్పి, రెండుసార్లు గుర్తుచేయమనండి. తాను ఏం చేయాలనుకుంటోందో రాసే చోట "చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ఇష్టం" అని రాయొద్దు. పొటాష్ లెక్క, అందులో వచ్చిన 3.2 శాతం దోషం, దాన్ని తగ్గించడానికి తన ఆలోచన రాయమనండి.