చర్చి పెళ్లికి లక్ష రూపాయల గౌను: లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. నా జీతం 36,000. ఖర్చులు పోను నెలకు 14,000 మిగులుతుంది. బ్యాంకులో 1,40,000 దాచుకున్నాను. ఇంకో తొమ్మిది నెలల్లో చర్చిలో నా పెళ్లి. స్నేహితుల పెళ్లిళ్లకు వెళ్లినప్పుడల్లా నా కళ్లు పెళ్లికూతురి గౌను మీదే ఉంటాయి. ఒకరిది గొడుగులా విచ్చుకున్న బాల్ గౌను, ఒకరికి చేతుల నిండా లేస్, ఇంకొకరికి తల మీంచి నేల మీద జీరాడే పల్చటి ముసుగు, అదే వేల్. హైదరాబాద్‌లో ఒక గౌను బాగా నచ్చింది, ధర 1,10,000. అమ్మేమో మన ఇళ్లలో తెల్ల పట్టుచీరే కట్టుకుంటారంటోంది. పర్సనల్ లోన్ తీసుకోమంటారా?

జవాబు: లోన్ వద్దు. అలాగని గౌను మానుకోమనీ అనను. ఇన్నేళ్లుగా ఇష్టపడి చూసుకున్నది మీ పెళ్లిలో మీకు ఉండాల్సిందే.

ముందు ఆ గౌను అసలు ధర చూడండి. షాపువాళ్లు చెప్పిన 1,10,000లో జీఎస్టీ కలిసి ఉందో లేదో అడిగారా? 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయలు దాటిన కుట్టిన బట్టల మీద 18 శాతం పన్ను ఉంది. విడిగా వేస్తే ఇంకో 19,800. అంటే బిల్లు 1,29,800. దానికోసం 1,30,000 లోన్ 14 శాతం వడ్డీకి రెండేళ్లకు తీసుకుంటే కిస్తీ దాదాపు 6,240 పడుతుంది. వడ్డీ కూడా ఇంచుమించు 19,800 అవుతుంది. చివరికి లక్షా పది వేల గౌను లక్షన్నరకు వచ్చినట్టు. ప్రాసెసింగ్ ఫీజు నేను ఇందులో కలపలేదు. పైగా పెళ్లయ్యాక కూడా ఏడాదికి పైగా ఆ కిస్తీ మీ వెంటే ఉంటుంది. ఇంటి అడ్వాన్సు, సామాను, కొత్త కాపురం ఖర్చులన్నీ వచ్చేది కూడా అప్పుడే.

బ్యాంకులో ఉన్న 1,40,000 కూడా ముట్టుకోవద్దు. మీ నెల ఖర్చు 22,000 కాబట్టి అది ఆరు నెలల భరోసా. పెళ్లయ్యాక ఊరు మారినా, ఉద్యోగం మారినా మిమ్మల్ని ఆదుకునేది ఆ డబ్బే.

మరి గౌనుకు డబ్బెలా? నెలకు 9,000 చొప్పున ఆరు నెలల రికరింగ్ డిపాజిట్ ఈ నెలలోనే మొదలుపెట్టండి. ఆరున్నర శాతం వడ్డీ వస్తే చేతికి సుమారు 55,000 అందుతుంది. ఏడో నెలలో మిగిలే 9,000 కలిపితే 64,000. కుట్టించేవాళ్లకు, అద్దెకిచ్చేవాళ్లకు ముందే అడ్వాన్సు కట్టాలి కాబట్టి తొమ్మిది నెలల డిపాజిట్ పనికిరాదు. మొత్తం బట్టల ఖర్చుకు ఈ 64,000 హద్దు అనుకోండి.

ఇక మీ ఉత్తరం ఇంకోసారి చదువుకోండి. మీకు నచ్చిన మూడింటిలో రెండు లేస్, వేల్. గౌను మొత్తం కాదు. అందుకే వేల్ మీద మనసారా ఖర్చు పెట్టండి. మన నర్సాపురంలో ఆడవాళ్లు చేత్తో అల్లే క్రోషే లేస్ ఉంది కదా, దానికి 2024లో జీఐ గుర్తింపు (ఆ ప్రాంతపు ప్రత్యేక వస్తువని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. ఆ లేస్‌ను అంచుగా వేయించుకుంటే వేల్ మీ సొంతమై ఇంట్లో ఉండిపోతుంది. తెల్ల గౌన్లకు పేరు తెచ్చిన విక్టోరియా రాణి 1840లో తన పెళ్లికి వేసుకున్న లేస్‌ను తర్వాత దశాబ్దాలపాటు ఎన్నో వేడుకల్లో మళ్లీ మళ్లీ ధరించారు. మహారాణే అలా దాచి వాడుకున్నప్పుడు మనకు మొహమాటమెందుకు?

గౌను విషయానికొస్తే, బాల్ గౌను అద్దెకు తీసుకోవడమే మంచిది. లోపల గౌనును ఉబ్బుగా నిలబెట్టే క్యాన్‌క్యాన్ పావడా, పొరలు పొరలుగా నెట్ ఉంటుంది కాబట్టి పెళ్లి తర్వాత బీరువాలో దాచడమే కష్టం, మళ్లీ వేసుకునే సందర్భం రాదు. ఒంటికి అతుక్కునే మెర్మెయిడ్ గౌను మాత్రం అద్దెకు వద్దు, కొలతలో అంగుళం తేడా వచ్చినా ఇబ్బందే. నడుము నుంచి కిందికి కొద్దికొద్దిగా వెడల్పయ్యే ఏ-లైన్ అయితే శాటిన్ గుడ్డ తీసుకుని గుంటూరులోనే కుట్టించుకోవచ్చు. తర్వాత పొట్టిగా చేయించి క్రిస్మస్‌కు వేసుకోవచ్చు కూడా. అద్దెకైతే డిపాజిట్ ఎంత, మరక పడితే ఎంత కోస్తారు, నడుము దగ్గర సరిచేసి ఇస్తారా అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట నమ్మి పెళ్లి మర్నాడు టెన్షన్ పడినవాళ్లను నేను చూశాను.

నా లెక్కలో గౌనుకు 30,000, వేల్‌కు 12,000, అమ్మ అడిగిన తెల్ల పట్టుచీరకు 22,000. చీర మీద జీఎస్టీ 5 శాతమే, అసలు పట్టు అని చెప్పే సిల్క్ మార్క్ చూసి కొనండి. అదే వేల్ చీర మీదికీ నప్పుతుంది. చర్చిలో ఏది, సాయంత్రం విందులో ఏది అన్నది మీరూ అమ్మా కూర్చుని తేల్చుకోండి. హైదరాబాద్ షాపుకు మాత్రం ఇప్పుడే అడ్వాన్సు కట్టకండి.