సెక్యూరిటీ క్లియరెన్స్ కోసం డిప్రెషన్ మందులు మానెయ్యాలా?

నీ మెసేజ్ మొత్తం చదివానమ్మా. 24 ఏళ్లు, అమెరికాలోనే పుట్టి పెరిగావు, డిఫెన్స్ కాంట్రాక్టర్ దగ్గర ఇంజనీర్ ఆఫర్ వచ్చింది, సీక్రెట్ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూడ్డానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) వస్తేనే జాయినింగ్. కాలేజీలో ఉండగా డిప్రెషన్ వచ్చి కౌన్సెలింగ్‌కి వెళ్లావు, టాబ్లెట్లు ఇంకా వాడుతున్నావు. నాన్నగారేమో క్లియరెన్స్ ఫారంలో ఆ ఊసే ఎత్తకు, ముందు ఆ మందులు మానెయ్, రికార్డులోకి ఎక్కితే ఉద్యోగమూ పోతుంది, రేపు సంబంధాలూ రావు అంటున్నారు. ఆ మాట విని వారం నుంచి వేసుకోవడం లేదు, నిద్ర పట్టట్లేదు అన్నావు.

ముందు మందుల సంగతి, ఫారం తర్వాత. ఇవాళే నీ డాక్టర్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పు. ఈ మందులు డోసు మెల్లగా తగ్గిస్తూ ఆపాల్సినవి, ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఇవన్నీ మామూలే, కానీ నీ అంతట నువ్వు మళ్లీ మొదలుపెట్టకు, డాక్టర్ చెప్పినట్టే చెయ్యి. బతకాలని లేదు అనిపిస్తే మాత్రం అర్ధరాత్రైనా సరే 988కి, అంటే ఆత్మహత్య ఆలోచనలు వచ్చినప్పుడు సాయం చేసే హెల్ప్‌లైన్‌కి, కాల్ చెయ్యి.

ఇక ఫారం. క్లియరెన్స్ కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారంలో మానసిక ఆరోగ్యం గురించి అడిగే 21వ సెక్షన్ నువ్వే కూర్చుని నిదానంగా చదువు, ఎవరో చెప్పింది విని భయపడొద్దు. అందులో జీవితంలో ఎప్పుడైనా కౌన్సెలర్ దగ్గరికి వెళ్లావా అని అడగరు. కోర్టు ఆర్డర్ మీద ట్రీట్‌మెంట్ జరిగిందా, మానసిక సమస్యతో హాస్పిటల్లో అడ్మిట్ అయ్యావా, స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి కొన్ని జబ్బులు ఉన్నాయని డాక్టర్ చెప్పారా, నీ జడ్జిమెంట్‌నీ నమ్మకాన్నీ బాగా దెబ్బతీసే కండిషన్ ఏదైనా ఉందా, ఇలా అడుగుతారు. మామూలు డిప్రెషన్ ఆ పేర్ల లిస్టులో లేదు. అడ్మిట్ అయినట్టు నువ్వు రాయలేదు, అయి ఉంటే మాత్రం అవును అనే రాయాలి. ఒకవేళ అవును అన్నా డాక్టర్ని అడిగేది క్లుప్తంగానే, ఈమె జడ్జిమెంట్‌కీ నమ్మకానికీ అడ్డొచ్చే సమస్య ఉందా, ఉంటే అదేంటి, ముందుముందు ఎలా ఉండొచ్చు, అంతే. కౌన్సెలింగ్‌లో ఏం చెప్పుకుని ఏడ్చావో వాళ్లకి అక్కర్లేదు.

నాన్నగారికి తెలియని విషయం ఇంకోటుంది, నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేదీ ఇదే. క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న రూల్స్‌లో మానసిక ఆరోగ్యం గురించి గైడ్‌లైన్ ఐ అని ఉంది. కేవలం కౌన్సెలింగ్‌కి వెళ్లినందుకు ఎవరినీ తప్పుగా అనుకోకూడదని అందులో స్పష్టంగా రాసుంది. జడ్జిమెంట్ మీద ప్రభావం చూపే జబ్బుకి డాక్టర్ రాసిన మందులు వేసుకోకపోవడాన్ని మాత్రం అనుమానించాల్సిన విషయంగా పెట్టారు! అంటే నాన్నగారు నిన్ను కాపాడాలని చెప్పిన పనే నీకు ఎదురు తిరగొచ్చు. ట్రీట్‌మెంట్ సరిగ్గా తీసుకుంటూ స్థిమితంగా ఉన్నావంటే అది నీకు ప్లస్సే.

లెక్క కూడా చెప్తా. 2012 నుంచి 2020 దాకా అమెరికా రక్షణ శాఖ వాళ్లు చూసిన క్లియరెన్స్ కేసులు సుమారు 54 లక్షలు, వాటిలో మానసిక విషయాలు వచ్చినవి 97 వేల దాకా, కేవలం ఆ కారణంతోనే క్లియరెన్స్ పోయినవి చాలా చాలా తక్కువ. మామూలుగా పోయేది అప్పులు, డ్రగ్స్, అబద్ధాల దగ్గర. (గంజాయి నీ స్టేట్‌లో లీగల్ అయినా ఫెడరల్‌గా కాదు, గుర్తుంచుకో.) ఫారంలో కావాలని అబద్ధం రాస్తే ఫెడరల్ నేరం, అయిదేళ్ల దాకా జైలు. అడగనిది చెప్పక్కర్లేదు, అడిగింది మాత్రం దాచొద్దు.

నాన్నగారితో గొడవ పెట్టుకోకు. ఆయన భయం నీమీద ప్రేమతోనే వచ్చింది, అయినా ఆ భయానికి నీ ఆరోగ్యం బలి కాకూడదు. ఆ సెక్షన్ ఆయన పక్కన కూర్చుని చదివి తెలుగులో చెప్పు. ఈ రికార్డులకి 1974 నాటి ప్రైవసీ యాక్ట్ రక్షణ ఉంది, సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్లు అడిగితే ఇచ్చేవి కావవి. అప్పటికీ ఒప్పుకోకపోతే ఒప్పుకోకపోనీ, ఫారం కింద సంతకం పెట్టేది నువ్వు. ఏ ప్రశ్నకైనా సందేహం ఉంటే క్లియరెన్స్ కేసులు చూసే లాయర్‌ని సబ్మిట్ చేసే ముందే అడుగు. డాక్టర్‌కి ఫోన్ మాత్రం ఇవాళే.